వెనక సీటులో ఇద్దరం

మా ఇంట్లో ఇంతవరకు మూడు కార్లు మారాయి. మూడింటిదీ ఒకే కంపెనీ, ఒకే పేరు. కంపెనీవాళ్ళు కొన్నేళ్ళకోసారి ఆ బండిని లోపలా బయటా మార్చేసి, పేరు మాత్రం పాతదే ఉంచి అమ్ముతుంటారు. పాతది మొరాయించడం మొదలుపెట్టగానే మా మావయ్యగారు దాన్ని ఇచ్చేసి, అదే పేరున్న కొత్తది తెచ్చేవారు. రాజాంలో మాది ధాన్యం కొట్టు. బజారులో తోటి వ్యాపారులందరూ ఎత్తు బండ్లకి మారిపోయినా ఆయన మారలేదు. "డిక్కీ నేని బండి బండేటి?" అనేవారు.

మా ఆయన్ని అడిగితే ఆ మూడు బండ్లకీ తేడా మైలేజీతో చెప్తారు. మా అత్తగారు సీట్ల ఎత్తుతో చెప్తారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. నేను మాత్రం ఏ బండిలో ఏ ఊరు దాటాక నాకు వాంతి వచ్చేదో చెప్పగలను.

నాకు చిన్నప్పటినుంచి ప్రయాణం పడదు. మాది పొందూరు దగ్గర పల్లె. మా నాన్నది వ్యవసాయం. బస్సులో అయితే కిటికీ పక్కన కూర్చుని, తల బయటపెట్టి, గాలి కొట్టించుకుంటూ ఎలాగో గట్టెక్కేదాన్ని. కారు అప్పటికి ఎక్కే అవసరం రాలేదు. మొట్టమొదట ఎక్కిన కారు నా పెళ్ళికారే.

ఆ బండి అప్పుడే కొత్తగా కొన్నది, బూడిద రంగుది. పొట్టిగా, కాస్త బొద్దుగా ఉండేది. డీజిలు బండి, స్టార్టు చేస్తే వీధి చివర ఇంటికి కూడా తెలిసేది. ముందు తలుపుల అద్దాలు మీట నొక్కితే దిగేవి, వెనక అద్దాలు మాత్రం చేత్తో తిప్పుకోవాలి. వెనక సీటు మధ్యలో, కాళ్ళ దగ్గర నేల ఎత్తుగా ఉండేది. పెళ్ళికూతుర్ని కాబట్టి నన్ను సరిగ్గా ఆ మధ్యలోనే కూర్చోబెట్టారు. ఒక పక్క మా ఆయన, ఇంకో పక్క మా అత్తగారు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. కొత్త సీటు కవర్ల వాసన, బండికి కట్టిన బంతిపూల వాసన, నా తలలో మల్లెపూలు, అన్నీ కలిసి ముక్కులో దూరాయి. బండి మా మావయ్యగారే నడుపుతున్నారు. కొడుకు పెళ్ళిలో కూడా స్టీరింగు ఇంకొకరికి ఇవ్వలేదని మావాళ్ళు వింతగా చెప్పుకున్నారు.

రాజాం ఇంకా చాలా దూరం ఉండగానే నా నోట్లో నీళ్ళూరాయి. కొత్త కోడల్ని, బండి ఆపమని ఎలా చెప్పను? పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. చివరికి పట్టుచీర మీదా, కొత్త సీటు మీదా, మా అత్తగారి ఒళ్ళోనూ అయిపోయింది.

మావయ్యగారు బండి పక్కకి ఆపి, దిగి చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీశారు. ఆయన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదలు. తిడతారనుకున్నాను.

"ఏటీ పర్నేదమ్మా. దిగు. దూరంగా ఆ తాటిసెట్లకేసి సూడు. కిందకి సూడకు" అన్నారు.

మా అత్తగారు కొంగు దులుపుకుంటూ, "కొత్త సీటండీ" అన్నారు.

"సీటు కడిగితే పోతాది. ముందు ఆ పిల్లకి నీళ్ళియ్యి."

ఆ రోజు ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. మంచి మావగారు దొరికారనుకున్నాను. అంతకుమించి ఏమీ తోచలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ బూడిద రంగు బండిలో మా ఇంటి శుభాశుభాలన్నిటికీ తిరిగాను. ఎక్కడికెళ్ళినా నిమ్మకాయ, అల్లంమురబ్బా, రెండు ప్లాస్టిక్ సంచులు, తడిగుడ్డ నా వెంట ఉండేవి. సీటు కింద పేపరు వేసుకుని కూర్చుంటే రాదన్నారు, కూర్చున్నాను. బొడ్డు మీద ప్లాస్టరు అంటించుకోమన్నారు, అంటించుకున్నాను. మాత్ర వేసుకుంటే వాంతి ఆగేది కానీ పెళ్ళిపందిట్లో కుర్చీలోనే నిద్రపోయేదాన్ని. పెళ్ళయిన కొత్తల్లో అయితే నేను బండి దిగి మొహం కడుక్కోవడం చూసి ఆడవాళ్ళంతా నవ్వుతూ చుట్టూ మూగేవారు.

"ఏటే, యిసేసమేటి?"

విశేషం ఏమీ లేదని చెప్పలేక చచ్చేదాన్ని. నిజంగా విశేషం ఉన్నప్పుడు మాత్రం ఎవరూ నమ్మలేదు, కారు ఎక్కిందేమో అనుకున్నారు.

అన్నిటికంటే బాధ భోజనాల దగ్గర. మా చుట్టాలు వంటలు బాగా చేయిస్తారు. పనసపొట్టు కూర, ఆవపెట్టిన అరటికాయ, గుమ్మడికాయ దప్పళం వరసగా విస్తట్లోకి వస్తుంటే నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చునేదాన్ని. తింటే తిరుగు ప్రయాణంలో సంగతేమిటి?

ముందు సీటులో కూర్చోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ముందు సీటు మా ఆయనది, ఆయన లేకపోతే మా అత్తగారిది. కోడలు వెళ్ళి మావగారి పక్కన ముందు సీటులో కూర్చోవడం అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

రెండో బండి మా అమ్మాయి హైస్కూలుకి వెళ్తున్న రోజుల్లో వచ్చింది. అదే పేరు, కానీ పక్కపక్కన పెడితే చుట్టాలని కూడా అనుకోలేం. పొడుగ్గా, నేలకి దగ్గరగా, ముందు వెండిరంగు పట్టీలతో ఉండేది. కాళ్ళ దగ్గర ఆ ఎత్తు తగ్గింది. వెనక కూర్చున్నవాళ్ళకి వేరేగా ఏసీ గాలి వచ్చే గొట్టాలు పెట్టారు. అద్దాలన్నీ మీటలతోనే. సీటు మధ్యలో చెయ్యి ఆనించుకునే దిండు ఒకటి కిందికి దిగేది. విజయనగరం షోరూములో అమ్మేటాయన నన్ను వెనక కూర్చోబెట్టి, "మేడం, ఇది రోడ్డు మీద తేలిపోద్దండి. గతుకన్నది తెలీదు" అన్నాడు.

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. గతుకులు లేకపోతే కడుపు తిప్పదు కదా అనుకున్నాను.

అతను చెప్పింది నిజమే. బండి తేలింది. పాత బండి గతుకు తగిలితే ఎత్తి కుదేసేది, అంతటితో అయిపోయేది. ఇది మాత్రం గతుకు దాటాక కూడా మెల్లగా ఊగుతూనే ఉండేది, పడవలాగ. దానికి తోడు ఏసీ వేస్తే అద్దాలు దించకూడదు. ముందు అద్దం కింద మా ఆయన అత్తరు సీసా ఒకటి పెట్టారు, దాని వాసన నా కళ్ళలోంచి వచ్చేది. పాత బండిలో చీపురుపల్లి దాటాక మొదలయ్యేది, ఇందులో రాజాం పొలిమేరలోనే మొదలైంది. ఆ బండి వచ్చిన ఏడాది మా పెద్దాడపడుచు గృహప్రవేశానికి నేను వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లో ఉండిపోయాను. అలా మానేసినవి ఆ తర్వాత చాలా ఉన్నాయి. మా ఆయన విసుక్కునేవారు కాదు కానీ, అడగడం తగ్గించారు. వాళ్ళంతా తయారై బండి ఎక్కుతుంటే గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపేదాన్ని. బండి మలుపు తిరిగాక ఇల్లంతా నాదే అని కొంచెం హాయిగా కూడా ఉండేది. ఆ హాయి మీద నాకే కోపం వచ్చేది.

ఆ రెండో బండి కూడా మావయ్యగారే నడిపేవారు. మా ఆయనకి లైసెన్సు ఉంది. మోటారు సైకిలు మీద కొట్టుకీ మిల్లుకీ తిరిగేవారు. కారు ఎక్కితే మాత్రం పక్క సీటే. "నానున్నాను కదా" అని పెద్దాయన తాళం జేబులో వేసుకునేవారు. ఎండలో పడి రాను పోను ఆయనే నడిపి వచ్చేవారు. ఆయనకి బండంటే అంత మోజని అందరం అనుకున్నాం.

తర్వాత ఆయనకి కళ్ళు మందగించాయి. ఆపరేషన్లు చేయించినా చూపు పూర్తిగా కుదురుకోలేదు. ఒకరోజు మా వీధి మలుపులోనే కరెంటు స్తంభానికి బండి రాసేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి తాళం తీసి మా ఆయన చేతిలో పెట్టి, "ఇంక నాను నడపనురా" అన్నారు.

మూడో బండి అప్పుడొచ్చింది. ఇదీ అదే పేరు. దీనికి తాళం తిప్పక్కర్లేదు, బొత్తం నొక్కాలి. వెనక్కి తీస్తుంటే టీవీలో చూపించినట్టు ముందు తెర మీద వెనకున్నవన్నీ కనిపిస్తాయి. నలువైపులా ఎయిర్‌బ్యాగులున్నాయట. మా ఆయన పట్టుబట్టి ఆటోమేటిక్ గేరుది తీసుకున్నారు. క్లచ్చి ఉండదు, రెండే పెడళ్ళు. మావయ్యగారు లోపలికి తొంగిచూసి, "ఎడంకాలికి పనేటి మరి? కూకుని సూస్తాదా?" అన్నారు.

మా ఆయన స్టీరింగు దగ్గర కూర్చున్నారు. మోకాళ్ళు వంగవని మా అత్తగారు ముందు సీటులో కూర్చున్నారు. దాంతో మావయ్యగారు వెనక సీటులోకి, నా పక్కకి వచ్చారు. నాకు తెలిసి ఆయన కారులో వెనక కూర్చోవడం అదే మొదటిసారి.

విజయనగరంలో పెళ్ళి. తప్పనిసరిగా వెళ్ళాల్సిన పెళ్ళి కాబట్టి నేనూ బయల్దేరాను, నా సంచితో. రాజాం దాటేదాకా మావయ్యగారు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నారు, ధాన్యం రేటు గురించి, ఎవరో తూకంలో చేసిన తిరకాసు గురించి. కాసేపటికి మాటలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. నేను నా అవస్థలో ఉండి మొదట గమనించలేదు. చీపురుపల్లి దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆవలించారు. మళ్ళీ ఆవలించారు. గుటక మింగారు. కండువాతో పైపెదవి మీద చెమట తుడుచుకున్నారు, లోపల ఏసీ చల్లగా ఉంది.

అవి నాకు తెలిసిన గుర్తులు. ఆవలింత, గుటక, పెదవి మీద చెమట. వాటి తర్వాత ఏమొస్తుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. మా ఆయనకీ అత్తగారికీ కనపడకుండా నా నిమ్మకాయ ఆయన చేతిలో పెట్టాను. ఆయన నావైపు చూడలేదు. దాన్ని పిడికిట్లో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

కొంచెం దూరం వెళ్ళాక, "ఒరే, బండాపు. టీ తాగుదాం" అన్నారు.

"గరివిడిలో తాగుదాం నానా. ఇక్కడ బాగోదు" అన్నారు మా ఆయన.

"ఆపమన్నానా!"

రోడ్డు పక్కన రేకుల షెడ్డు ముందు బండి ఆగింది. మా ఆయన టీ చెప్పడానికి వెళ్ళారు. మావయ్యగారు షెడ్డు వెనక్కి గబగబా నడిచారు. నేను నీళ్ళ సీసా తీసుకుని వెనకే వెళ్ళాను. సరుగుడు తోట కంచె పట్టుకుని ఆయన వంగి కక్కుకుంటున్నారు. నేను వీపు రాశాను. నీళ్ళు పోశాను. పుక్కిలించి, మొహం కడుక్కుని, అక్కడే ఒక రాయి మీద కూర్చున్నారు.

"నీకు తెలిసిపోనాదేటి?" అన్నారు.

"నాకు కాపోతే ఇంకెవరికి తెలుస్తాది మావయ్యా. ఏటి తిన్నారు పొద్దున్న?"

"తిండి కాదమ్మా. నాకూ అదే రోగం. సిన్నప్పట్నుంచీ."

"మీకా మావయ్యా?" అన్నాను.

ఆయన మెల్లగా చెప్పారు. కుర్రతనంలో వాళ్ళ నాన్న ఆయన్ని ధాన్యం లారీల మీద పంపేవారట. లారీ ముందు పెట్టెలో ఇంజను పక్కన కూర్చోబెడితే వెళ్ళినంతసేపూ వాంతులేనట. లారీవాళ్ళు నవ్వేవారట. ఓసారి ఒక డ్రైవరు జాలిపడో, ఆటపట్టించడానికో, ఖాళీ రోడ్డు మీద స్టీరింగు చేతికిచ్చాడట.

"ఇచ్చీసరికి పోనాదమ్మా. కడుపులో తిప్పడం పోనాది. ఎవడో సేత్తో తీసీసినట్టు. ఆ రోజునుండి బండెక్కితే నానే నడపాల. ఇంకోడి సేతికిస్తే మళ్ళీ వస్తాదని బయం. మీరంతా నాకు బండంటే పిచ్చి అనుకున్నారు. పిచ్చీ కాదు, గిచ్చీ కాదు. బయం."

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు నేను వెనక సీటులో ప్లాస్టిక్ సంచి పట్టుకుని కూర్చుంటే, మందు ఏమిటో తెలిసిన మనిషి ముందు సీటులో కూర్చుని నడిపారా?

"మరి నాకెందుకు సెప్పనేదు మావయ్యా?" అన్నాను. గొంతు కొంచెం లేచింది.

ఆయన నిమ్మకాయని అటూ ఇటూ తిప్పారు.

"సెప్తే నీకియ్యాల కదమ్మా. బండికి స్టీరింగొక్కటే."

ఎంత స్వార్థం అనిపించింది. అంతలోనే, ఆయన స్థానంలో నేనుంటే ఇచ్చేదాన్నా అని కూడా అనిపించింది. ఇచ్చేదాన్ని కాదు. ఒట్టు. అది తట్టేసరికి నాకు నవ్వు ఆగలేదు. ఆయన కూడా నవ్వారు, పొట్ట పట్టుకుని. షెడ్డు ముందునుంచి మా ఆయన, "టీ సల్లారిపోతంది! ఏటి సేస్తన్నారు అక్కడ?" అని కేకేశారు.

"నువ్వు నేర్సుకో" అన్నారు మావయ్యగారు లేస్తూ. "ఎలాగూ ఈ బండికి క్లచ్చి నేదు. నాకింక కళ్ళు నేవు. నువ్వు నడిపితే నాను పక్కన కూకుంటాను. ముందు కూకుని రోడ్డు సూస్తే నాకంత రాదు."

ఆ మిగతా దారి ఇద్దరం వెనక సీటులో ఒకే నిమ్మకాయని మార్చి మార్చి వాసన చూసుకుంటూ వెళ్ళాం. విచిత్రంగా, నాకు ఆ రోజు వాంతి కాలేదు. కడుపు తిప్పింది కానీ సిగ్గు లేదు. నా వాంతుల్లో సగం ఆ సిగ్గువల్లే వచ్చేవేమో.

ఇంటికొచ్చాక మావయ్యగారు భోజనాల దగ్గర సంగతి బయటపెట్టారు. దాచిపెట్టకుండా అంతా చెప్పేశారు. మా అత్తగారు వడ్డించే గరిటె అలాగే పట్టుకుని, "యాబైయేళ్ళనుండి కాపురం సేస్తన్నాను. నాకూ సెప్పనేదు!" అన్నారు. మా ఆయన మాత్రం, "ఈ వయసులో దీనికి డ్రైవింగేటి నానా" అన్నారు.

"నీకు వాంతులు నేవు. నువ్వు మాటాడకు" అన్నారు మావయ్యగారు.

ఊరి బయట ప్లాట్లు వేసి అమ్మకుండా మిగిలిపోయిన లేఅవుటు ఒకటి ఉంది. తారు రోడ్లు, హద్దురాళ్ళు, మధ్యలో మేకలు. అక్కడ నేర్చుకున్నాను. పొద్దున్నే మా ఆయన బండి అక్కడ పెట్టి కొట్టుకి వెళ్ళిపోయేవారు. డ్రైవింగు స్కూలు నుంచి వచ్చే ఆవిడ నాకు చెప్పేది. మావయ్యగారు హద్దురాయి మీద కూర్చుని అక్కడినుంచి ఇంకొకటి చెప్పేవారు. క్లచ్చి లేకపోవడం నా అదృష్టం. కుడికాలు ఒక్కటి మాట వింటే చాలు. మొదట్లో బ్రేకు వేస్తే ఇద్దరి నుదుళ్ళూ ముందుకొచ్చేవి. ఓసారి వెనక్కి తీస్తూ మేకని తప్పించబోయి మురిక్కాలవ గట్టుదాకా వెళ్ళాను, వెనక అడ్డముందని బండి కూతలు పెట్టింది. "దానికి తెలుసు, నీకే తెలీదు" అన్నారు మావయ్యగారు. లైసెన్సు పరీక్ష ఒక్కసారికే పాసయ్యాను.

ఇంక విజయనగరందాకా నేనే నడుపుతానన్నాను. మా అత్తగారి కంటి పరీక్షకి వెళ్ళాలి. ఆవిడ ముందు సీటు వదులుకుంటారా అని భయపడ్డాను కానీ, వెనక వెడల్పుగా ఉంది, కాళ్ళు బార్లా చాపుకోవచ్చని తెలిశాక ఆవిడే వెనక్కి మారిపోయారు. మా ఆయన ఆవిడ పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. మావయ్యగారు నా పక్కన. సంచీ తెచ్చుకున్నాను, అలవాటు కదా, కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను.

రాజాం దాటాం. రోడ్డు మీద సగం దాకా మొక్కజొన్నలు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చారు. ఎదురుగా లారీ. నేను ఆగి, లారీ వెళ్ళాక పక్కగా పోనిచ్చాను. కడుపు కదల్లేదు. కాసేపటికి అలవాటుగా నాలుక కింద నీళ్ళూరతాయేమో అని చూసుకున్నాను. ఊరలేదు. చీపురుపల్లి వచ్చింది. ఊరలేదు. బండి పోయే దిక్కు నాకు ముందే తెలుస్తోంది, మలుపు నేను తిప్పితేనే తిరుగుతోంది. ఇంతేనా, ఇన్నేళ్ళూ ఇంతేనా అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోడ్డు కనపడకపోతే కష్టమని తుడిచేసుకున్నాను.

"ఎలాగున్నాది?" అన్నారు మావయ్యగారు.

"ఏటీ నేదు మావయ్యా."

"ఊఁ."

విజయనగరంలో దిగగానే నాకు ఆకలేసింది. బండి దిగి ఆకలేయడం నాకు ఊహ తెలిశాక అదే మొదలు. ఆసుపత్రి పక్క హోటల్లో రెండు ప్లేట్ల పూరీ తిన్నాను. మా ఆయన తన ప్లేటు కూడా నావైపు జరిపారు.

తిరుగు ప్రయాణంలో ఎండగా ఉంది. గరివిడి దాటాక పక్కకి చూస్తే మావయ్యగారి తల కిటికీకి ఆనుకుని ఉంది. మళ్ళీ ఆయనకి తిప్పుతోందేమో అనుకున్నాను. వేగం తగ్గించాను. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. సన్నగా గురక పెడుతున్నారు. లారీల కాలం నుంచి ఇంతవరకు బండిలో కునుకైనా తీయని మనిషి, ఇంకొకరి చేతిలో స్టీరింగు పెట్టి నిద్రపోయారు.

మా వీధిలో ఇంటిముందు ఆపాను. మా ఆయన వాళ్ళమ్మని పట్టుకుని దింపి లోపలికి తీసుకెళ్ళారు. నేను ఏసీ ఉండనిచ్చి అలాగే కూర్చున్నాను. ఎంతసేపటికో మావయ్యగారు కళ్ళు తెరిచారు. ముందు నన్ను, తర్వాత ఇంటి గుమ్మాన్ని చూశారు.

"వచ్చీసినామేటి?" అన్నారు. "అప్పుడేనా?"